గింజ గింజకీ ఓ లెక్క

సీసా మూతికి గరాటు పెట్టి నూనె పోయండి, చివరి చుక్క దాకా దిగిపోతుంది. అదే గరాటులో కందిపప్పు పోయండి. గుప్పెడు దిగి ఆగిపోతుంది. కన్నం కంటే గింజ చిన్నదే, లోపల అడ్డమూ ఏమీ లేదు. మరెందుకు ఆగిందీ అంటే, కన్నం మీద కొన్ని గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని చిన్న కమాను కట్టేసుకున్నాయి. పైనున్న పప్పు బరువంతా ఆ కమానే మోస్తోంది. వేలితో గరాటును తట్టారా, కమాను కూలుతుంది, పప్పు మళ్ళీ జారుతుంది. ధాన్యం పోసే పెద్ద పెద్ద తొట్టెలకూ ఇదే రోగం. అక్కడ వేలు చాలదు, సుత్తి కావాలి.

పిల్లలూ, ఇవాళ్టి కబుర్లు ఈ గింజల గురించే. ఇసుక, బియ్యం, పంచదార, కంకర, మాత్రలు చేసే పొడి, ఎరువు గుళికలు... ఇవన్నీ ఒకే జాతి. ఇంజనీర్లు గ్రాన్యులర్ మెటీరియల్స్ అంటారు, మనం గింజ పదార్థాలు అనుకుందాం. కదలకుండా కుప్పగా ఉంటే గట్టి వస్తువులా బరువు మోస్తాయి. వంపితే నీళ్ళలా పారతాయి. ఈ రెండిటి మధ్యా ఎప్పుడు ఎటు మారతాయో చెప్పడం మహా కష్టం. కంప్యూటరు సాయంతో వీటికి లెక్క కట్టే దారి వేసిన ఆచార్యుడొకాయన ఉన్నాడు. పేరు పీటర్ కండాల్. ఆయన పని ఎందుకు గొప్పదో తెలియాలంటే, అంతకుముందు రెండు వందల ఏళ్ళుగా పెద్దపెద్దవాళ్ళను ఈ గింజలు ఎలా తిప్పలు పెట్టాయో ముందు తెలియాలి.

ఎత్తుగా, సన్నగా ఉన్న డ్రమ్ము ఒకటి తీసుకోండి. నీళ్ళు పోస్తే, లోతు రెట్టింపయినప్పుడు అడుగున ఒత్తిడీ రెట్టింపవుతుంది. బియ్యం పోస్తే ఈ లెక్క కొంత ఎత్తు దాకానే నడుస్తుంది. ఆ పైన మీరెంత పోసినా అడుగున ఒత్తిడి దాదాపుగా పెరగదు. మరి ఆ బరువంతా ఏమైనట్టు? గింజలు పక్కగోడలను ఒరుసుకుంటూ ఆ బరువును గోడలకు అప్పజెప్పేశాయి. 1895లో జర్మనీలోని బ్రెమెన్ ఊళ్ళో యాన్సెన్ అనే ఇంజనీరు దీన్ని కొలిచి సూత్రం రాశాడు. ధాన్యం నిలవచేసే సైలోలు కట్టేవాళ్ళు ఇప్పటికీ లెక్క అక్కడి నుంచే మొదలుపెడతారు. సైలో గోడ మీద పడే ఈ భారాన్ని తక్కువ అంచనా వేస్తే గోడ నలిగిపోతుంది.

ఇంకో వింత. ఈసారి విశాఖ బీచికో, సూర్యలంకకో వెళ్ళినప్పుడు, అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద అడుగు వేసి చూడండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా పొడిబారి తెల్లబడుతుంది. బరువు వేసి నొక్కితే నీళ్ళు పైకి ఉబకాలి కదా, లోపలికి ఎందుకు పోయాయి? మాంచెస్టరులో ఇంజనీరింగు ఆచార్యుడిగా ఉన్న ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ 1885లో దీనికి జవాబు చెప్పాడు. దగ్గర దగ్గరగా సర్దుకుని ఉన్న గింజలు పక్కకు జరగాలంటే ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దాటాలి. అలా ఎక్కినప్పుడు గుంపు మొత్తం కాస్త ఉబ్బుతుంది, గింజల మధ్య ఖాళీలు పెరుగుతాయి, ఆ ఖాళీల్లోకి పైనున్న నీళ్ళు దిగిపోతాయి. రెనాల్డ్స్ ఒక రబ్బరు సంచిలో గుళ్ళూ నీళ్ళూ నింపి గాజు గొట్టం పెట్టి చూపించాడు కూడా. సంచిని పిండితే గొట్టంలో నీటి మట్టం పెరగాల్సింది పోయి తగ్గింది.

వీళ్ళిద్దరి కంటే ముందువాడు కూలుమ్. విద్యుత్ ఆవేశాల పాఠంలో మీరు చదువుతారే, ఆ కూలుమే. కానీ ఆయన వృత్తికి సైన్యంలో ఇంజనీరు. కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ దీవిలో ఎనిమిదేళ్ళపాటు కోట కట్టించాడు. మట్టిని ఆపే గోడ ఎంత మందం ఉండాలో తేల్చాల్సిన మనిషి. 1773లో పారిస్ అకాడమీ ముందు పెట్టిన పత్రంలో ఆయన చెప్పిన మాట ఇవాళ్టికీ మట్టి శాస్త్రానికి పునాది. ఒక పొర మీంచి ఇంకో పొర జారాలంటే, వాటిని కలిపి నొక్కే బలం ఎంత ఎక్కువైతే పక్కకు తోసే బలమూ అంత ఎక్కువ కావాలి. ఈ రాపిడి నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని అవసరం పడుతుంది.

కూలుమ్ తర్వాత వచ్చిన ఇంజనీర్లు ఇసుకను లెక్కపెట్టేటప్పుడు గింజలున్న సంగతే పక్కన పెట్టేశారు. మొత్తం కుప్పను అతుకుల్లేని ఒకే ముద్దగా భావించి సమీకరణాలు రాశారు. గోడలూ పునాదులూ కట్టడానికి ఆ పద్ధతి బాగానే పనికొచ్చింది, ఇప్పటికీ పనికొస్తోంది. కానీ గరాటులో పప్పు ఎందుకు ఆగిందని అడిగితే ఆ సమీకరణాలకు నోరు పెగలదు. అసలు కమాను అనేదే గింజలుంటేనే కదా! ముద్ద ఎలా నడుచుకుంటుందో సరైన నియమం రాయాలన్నా లోపల గింజలు ఏం చేస్తున్నాయో తెలియాలి. ఇసుక లోపలికి చూడటమెలా?

ఇక కండాల్ సంగతికి వద్దాం. ఆయన ఇసుకతో మొదలుపెట్టలేదు, కొండలతో మొదలుపెట్టాడు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఆయన పరిశోధన రాతి కొండ చరియల మీద. గనుల కోసమో రోడ్ల కోసమో కొండను కోసినప్పుడు ఆ వాలు నిలుస్తుందా, జారిపోతుందా అన్నది ప్రశ్న. కొండ ఏకశిలలా కనిపిస్తుంది గానీ లోపలంతా పగుళ్ళే. పగుళ్ళ మధ్య రాతి దిమ్మెలు పేర్చినట్టు ఉంటాయి. వాలు కూలేటప్పుడు ఈ దిమ్మెలు జారతాయి, తిరగబడతాయి, పాత పొరుగును వదిలి కొత్త పొరుగును ఢీకొంటాయి. ముద్దగా భావించే సమీకరణాలకు ఇది అందదు. ఏ దిమ్మెకు ఆ దిమ్మెను విడిగా తీసుకుని, దాని మీద ఏయే బలాలున్నాయో కట్టి, అదెటు కదులుతుందో చూద్దామని కండాల్ నిశ్చయించుకున్నాడు. 1971లో పరిశోధన పట్టా పుచ్చుకున్నాడు. అదే ఏడాది ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో జరిగిన రాతి శాస్త్ర సదస్సులో ఈ పద్ధతిని బయటపెట్టాడు.

ఆ తర్వాత అమెరికా వెళ్ళి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పని చేశాడు. 1974 నాటికే కంప్యూటరు తెర మీద బొమ్మల రూపంలోనే దిమ్మెల ఆకారాలు ఇచ్చి, ఫలితాన్నీ బొమ్మగానే చూసుకునే ప్రోగ్రాము తయారుచేశాడు. కంప్యూటరంటే కార్డులకు చిల్లులు పొడిచి ఇచ్చి, అచ్చయిన అంకెల కట్టలు మోసుకెళ్ళే రోజులవి. అప్పట్లో అలా ఆలోచించడం నాకు చాలా ముందుచూపుగా అనిపిస్తుంది. రాళ్ళు ఎలా కదిలాయో కళ్ళతో చూస్తేనే ఇంజనీరుకు బుర్రలో బల్బు వెలుగుతుంది.

మిన్నెసోటాలోనే ఆటో స్ట్రాక్ అనే ఆచార్యుడితో కలిసి కండాల్ రాతి దిమ్మెల నుంచి గింజలకు వచ్చాడు. మొదట తీసుకున్నవి గుండ్రటి బిళ్ళలు. బిళ్ళలే ఎందుకంటే, రెండు బిళ్ళలు తాకుతున్నాయో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. కేంద్రాల మధ్య దూరం రెండు వ్యాసార్థాల మొత్తం కంటే తక్కువైతే తాకుతున్నట్టు. అంతే! మూలలున్న రాళ్ళతో ఈ ఒక్క విషయం తేల్చడానికే కంప్యూటరు చెమటలు కక్కుతుంది.

తాకితే ఏం చేయాలి? బిళ్ళలు ఒకదానిలోకి ఒకటి వెంట్రుక వాసి చొరబడినట్టు ఒప్పుకుంటారు. ఎంత చొరబడితే అంత బలంగా ఒకదాన్నొకటి వెనక్కి నెడతాయి, మధ్యలో స్ప్రింగు ఉన్నట్టు. పక్కకు జరిగే దిశలోనూ ఇలాంటిదే ఇంకో స్ప్రింగు. అయితే ఈ రెండోదానికి హద్దుంది. పక్కకు తోసే బలం ఒక మోతాదు దాటితే బిళ్ళలు జారిపోతాయి. ఆ మోతాదును నిర్ణయించేది ఎవరనుకున్నారు? కూలుమ్ రాపిడి నియమమే. కుప్ప మొత్తానికి 1773లో చెప్పిన మాట ఇప్పుడు గింజకూ గింజకూ మధ్య, ప్రతి తాకిడిలోనూ కూర్చుంది. ఢీకొన్నప్పుడు కొంత శక్తి పోతుంది కాబట్టి దానికీ చిన్న ఏర్పాటు ఉంటుంది. ఇలా ఒక్కో బిళ్ళ మీద పడే బలాలన్నీ కూడి, న్యూటన్ రెండో నియమం ప్రకారం అది ఎంత వేగంతో ఎటు జరిగిందో, ఎంత తిరిగిందో లెక్కిస్తారు. బిళ్ళలు కొత్త చోట్లకు చేరాయి కదా, ఏవి ఏవి తాకుతున్నాయో మళ్ళీ చూస్తారు. మళ్ళీ బలాలు, మళ్ళీ కదలిక.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. గుంపులో ఏ గింజ కదిలినా దాని ప్రభావం చివరికి అన్నిటి మీదా పడుతుంది. అలాంటప్పుడు అన్ని గింజల సమీకరణాలనూ కలిపి ఒకేసారి సాధించాలి. అది కొండంత పని. కండాల్, స్ట్రాక్ దీన్ని ఎలా దాటారంటే, కాలాన్ని మహా చిన్న ముక్కలుగా కోశారు. ఎంత చిన్నవంటే, ఒక ముక్క సమయంలో ఒక గింజ కదలిక దాని పక్క గింజను దాటి అవతలికి చేరలేదు. ఊళ్ళో కబురు ఒక గడప నుంచి పక్క గడపకే పోతుంది, ఊరంతా తెలియాలంటే గడప గడపా దాటుకుంటూ పోవాలి. ఇదీ అంతే. ఒక్కో ముక్కలో ప్రతి గింజా తన ఇరుగుపొరుగును మాత్రమే చూసుకుంటే చాలు. పెద్ద సమీకరణాల గుంపుతో అవసరమే లేదు. ఇంటర్ ఫిజిక్సు స్థాయి లెక్కను ఓపిగ్గా కోట్ల సార్లు చేయడమే మిగిలింది, ఆ ఓపిక కంప్యూటరుకు ఉంది.

ఓపిక ఎంత కావాలో కాస్త లెక్క కడదాం, కాగితం తీసుకోండి. ఒక మిల్లీమీటరు అడ్డంగా ఉన్న ఇసుక గింజలు ఒక లీటరు డబ్బాలో పోశామనుకోండి. డబ్బాలో సుమారు 60 శాతం గింజ, మిగతాది ఖాళీ. గింజ ఘనపరిమాణం 0.52 ఘన మిల్లీమీటర్లు. 6 లక్షలను 0.52తో భాగిస్తే సుమారు 11 లక్షల 50 వేల గింజలు. ఒక్కో గింజ బరువు 1.4 మిల్లీగ్రాములు. అంత తేలిక గింజకు, రాయంత గట్టి స్ప్రింగుకు, కాలపు ముక్క సెకనులో పది లక్షల వంతు చుట్టుపక్కల ఉండాలి. అంటే ఒక్క సెకను కదలికకు 11 లక్షల గింజలనూ పది లక్షల సార్లు పలకరించాలి. ఏ గింజ దేన్ని తాకుతోందో వెతకడానికి ప్రతి జతనూ చూడటం మొదలుపెడితే వెయ్యి గింజలకే 4,99,500 జతలు. అందుకని చోటును గళ్ళుగా విభజించి, ఒక గింజకు దాని గడిలోనూ పక్క గళ్ళలోనూ ఉన్నవాటిని మాత్రమే చూస్తారు. 1970ల కంప్యూటర్ల మీద వాళ్ళు నడిపిన గుంపులు ఇవాళ్టి లెక్కలో బహు చిన్నవి. పద్ధతి మాత్రం అప్పుడే నిండుగా తయారైంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇప్పుడొస్తుంది. ప్రోగ్రాము పేరు బాల్. అది తెర మీద ఏదో చూపించింది. నిజమని ఎలా నమ్మడం? అప్పటికే నెదర్లాండ్స్‌లో డి యొస్సెలిన్ డి యోంగ్, వెరౌట్ అనే ఇద్దరు ఒక చక్కటి ప్రయోగం చేసి 1969లో ప్రచురించారు. కొన్ని పారదర్శక పదార్థాలకు ఒక గుణముంది. వాటిని నొక్కి, ధ్రువిత కాంతిలో చూస్తే ఒత్తిడి ఉన్నచోట చారలు కనిపిస్తాయి. చారలు లెక్కపెట్టి బలం ఎంతో చెప్పొచ్చు. అలాంటి బిళ్ళలను గుంపుగా పేర్చి నొక్కి, ఏ తాకిడి దగ్గర ఎంత బలముందో వాళ్ళు గీసి పెట్టారు. కండాల్, స్ట్రాక్ అదే పేర్పును కంప్యూటరులో పేర్చి, అలాగే నొక్కి, బలాల పటాన్ని గీశారు. రెండు పటాలనూ పక్కపక్కన పెడితే పోలిక బాగా కుదిరింది. 1979లో జియోటెక్నిక్ అనే పత్రికలో ఈ పేపరు అచ్చయింది. అప్పటినుంచి పరిశోధకులు దాన్ని వేల సార్లు ఉటంకించారు.

ఆ పటాల్లో కనబడేది మన గరాటు కథే. బలం గుంపంతా సమానంగా పరచుకోదు. కొన్ని గింజల వరసలు గొలుసుల్లా ఏర్పడి బరువులో పెద్ద వాటా మోస్తాయి. పక్కనే ఉన్న గింజలు చాలావరకు ఖాళీగా కూర్చుంటాయి. గొలుసు తెగితే గుంపు సర్దుకుంటుంది, ఇంకోచోట కొత్త గొలుసు పుడుతుంది. అసలు ఇసుకలో ఈ బలాలు చూడాలంటే మహా కష్టం. కంప్యూటరు ఇసుకలో ప్రతి తాకిడీ మన ముందుంటుంది.

బిళ్ళల తర్వాత గుండ్లు వచ్చాయి. ఆ ప్రోగ్రాము ట్రుబాల్. ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో కోలిన్ థార్న్‌టన్ బృందం దాన్ని తీసుకుని గింజల తాకిడికి మరింత నికరమైన సూత్రాలు చేర్చింది. మిన్నెసోటా ఆచార్యులు కొందరు 1981లో ఇటాస్కా అనే సంస్థ పెట్టారు. మిసిసిపీ నది పుట్టే సరస్సు పేరది. కండాల్ అక్కడ చేసిన ప్రోగ్రాములు గనుల్లో, సొరంగాల్లో, ఆనకట్టల దగ్గర పనిచేసే ఇంజనీర్ల చేతికి వెళ్ళాయి. 2008లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది.

పద్ధతి మాత్రం రాళ్ళ శాస్త్రం గడప దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఖనిజాన్ని పొడి చేసే బాల్ మిల్లు తెలుసా? పెద్ద ఇనప పీపాలో ఉక్కు గుండ్లూ ఖనిజమూ వేసి తిప్పుతారు. సరైన వేగంలో గుండ్లు ఖనిజం మీద పడి నలుపుతాయి. వేగం మించితే నేరుగా పీపా గోడకు తగిలి దాన్నే పాడుచేస్తాయి. లోపల ఏం జరుగుతోందో చూసే వీలు లేదు. యూటా విశ్వవిద్యాలయంలో మన దేశంవాడైన బి.కె. మిశ్రా, రాజ్ రాజమణితో కలిసి కండాల్ పద్ధతిని ఈ మిల్లులకు వర్తింపజేశాడు. వాళ్ళ పేపరు 1992లో వచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో తయారయ్యే మాత్రల విషయమూ ఇలాంటిదే. మందు పొడీ దాన్ని మోసే పిండీ సమంగా కలవాలి. పొడుల్ని కుదిపితే సన్నవి కిందికి దిగి, ముతకవి పైకి తేలతాయి. కలిపినదే మళ్ళీ విడిపోతే ఒక మాత్రలో మందు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. రైలు పట్టాల కింది కంకర కూడా ఈ లెక్కలోకి వచ్చింది. అక్కడ గుండ్రటి గింజలు పనికిరావు, కోసుగా ఉన్న రాళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటేనే పట్టా నిలుస్తుంది. అందుకని కొన్ని గుండ్లను అతికించి రాయి ఆకారం తెప్పిస్తారు.

అతికించడం అన్నాను కదా, కండాల్ దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. డేవిడ్ పొట్యోండీతో కలిసి 2004లో రాసిన పేపరులో, గట్టి రాయినే అతుకుపెట్టిన గుండ్ల గుంపుగా చూపించాడు. నొక్కినప్పుడు అతుకులు ఒక్కొక్కటే తెగుతాయి, తెగినవన్నీ కలిసి పగులవుతాయి. పగులు ఎటు పోవాలో ప్రోగ్రాముకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1971లో కొండను దిమ్మెలుగా చూసిన మనిషి, మధ్యలో ఇసుకను గింజలుగా చూసి, చివరికి ఆ గింజలతోనే రాయిని కట్టాడు. ముప్పై ఏళ్ళు పైగా ఒకే ఆలోచనను వదలకుండా పట్టుకుని, దాన్ని ఇంత దూరం నడిపించడం అందరివల్లా కాదు.

ఇంజనీరింగు చదివే మనవలూ, మనవరాళ్ళూ, మీకు వేరుగా ఒక మాట. ఇప్పుడు ఈ ప్రోగ్రాములు ఉచితంగా కూడా దొరుకుతున్నాయి. మీ ల్యాప్‌టాపులో వేల గింజలు రంగురంగులుగా జారుతుంటే కళ్ళు వెంటనే నమ్మేస్తాయి. అక్కడే జాగ్రత్త పడాలి. రాపిడి ఎంత, స్ప్రింగు ఎంత గట్టిది అన్న అంకెలు మీరిచ్చినవే. లెక్క త్వరగా తెమలాలని చాలామంది స్ప్రింగును మెత్తబరుస్తారు. వందో వంతు చేస్తే కాలపు ముక్క పది రెట్లు పెరుగుతుంది కాబట్టి పని పదో వంతుకు తగ్గుతుంది. కొన్నిచోట్ల అది చెల్లుతుంది, కొన్నిచోట్ల జవాబే మారిపోతుంది. కావలసిన బొమ్మ వచ్చేదాకా అంకెలు సవరించుకుంటూ పోతే దాన్ని లెక్క అనకూడదు.

దీని గురించి కండాల్ స్వయంగా, ఆంథొనీ స్టార్‌ఫీల్డ్‌తో కలిసి 1988లో ఒక వ్యాసం రాశాడు. భూగర్భంలో కొలతలు ఎప్పుడూ అరకొరగానే దొరుకుతాయి, అలాంటి చోట తెలిసినదంతా మోడల్లో కుక్కితే నిజం దొరకదు అన్నది అందులోని సారం. మోడల్ ఎందుకు కడుతున్నామో ముందు తేల్చుకోవాలి. వీలైనంత చిన్నది కట్టాలి. నడిపే ముందే జవాబు ఎలా ఉంటుందో ఊహించాలి. ఊహకూ ఫలితానికీ తేడా వస్తే, ఎందుకొచ్చిందో ఆలోచించాలి. ఇంత శక్తివంతమైన ప్రోగ్రాములు చేసిన మనిషే ఈ మాట చెప్పడం వల్ల దానికి మరింత విలువ ఉందని నా నమ్మకం. మన కాలేజీల్లో సాఫ్ట్‌వేరు బటన్లు నొక్కడం నేర్పే మొదటి రోజునే ఈ వ్యాసం చదివించాలి.

1979 నాటి ఆ పేపరు మొత్తం పంతొమ్మిది పేజీలు. అర్థం కావడానికి న్యూటన్ నియమాలూ కాస్త త్రికోణమితీ వస్తే సరిపోతుంది. ముందు అది చదవండి. తర్వాత రెండే రెండు బిళ్ళలు తీసుకుని, పది కాలపు ముక్కల లెక్క మీ చేత్తో కాగితం మీద వేయండి. ప్రోగ్రాము ఆ తర్వాత తెరవండి.